దువ్వెన కనిపిస్తే మంచం కిందికి!

ఆదివారం పొద్దున మన ఇళ్ళల్లో ఎట్లా ఉంటుందో నేను చెప్పనా? పొయ్యి మీద కుక్కర్‌లో మటన్ మూడో కూతకు వచ్చి ఉంటుంది. మిక్సీలో అల్లం వెల్లుల్లి, ఎండుకొబ్బరి. పెరట్లో బోరు మోటారు మోత. ముందుగదిలో టీవీ, టీవీని మించి మామగారి గొంతు. సరిగ్గా ఆ వేళకే పాపకు నూనె పెట్టి, స్నానాలగదిలో పీట మీద కూర్చోబెట్టి తలకు పోయడం మొదలుపెడతాం. ఆ తర్వాత వీధి చివరిదాకా వినిపించే ఏడుపు సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం అనుకునేదాన్ని. పోయిన వారం రుద్రంగి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చదివాక అట్లా అనిపించలేదు. పేరు వేయవద్దన్నది కాబట్టి వేయడం లేదు. ఆమె మాటల్లోనే వినండి.

"అక్కా, మా పాపకు రెండేండ్ల నాలుగు నెలలు. పుట్టువెంట్రుకలు ఇంక తియ్యలేదు. మూడో ఏట వేములవాడ రాజన్నకు ఇస్తమని మొక్కుకున్నం. వాళ్ళ నాయిన పోయినసారి దుబాయ్ నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చిండు. వానకాలంల తలకు పోసినంక పడిశం పట్టకుండ మా అత్తమ్మ దాంతోని వెంట్రుకలు ఆరబెట్టబోయింది. చెవి పక్కన ఒక్కసారే ఆన్ చేసేసరికి పాప బెదిరి వణికింది. అప్పటి నుంచి మిక్సీ వేసినా, కుక్కర్ కూసినా చెవులు మూసుకొని ఉరుకుతది. దువ్వెన చేతికి తీసుకుంటే మంచం కిందికి పోతది. వెంట్రుకలు చిక్కులు పడి అట్టలు కట్టినయి. నీ గారాబమే దీన్ని గిట్ల చేసిందని అందరు నన్నే అంటున్నరు. వాళ్ళ నాయిన వచ్చే నెల సెలవు మీద వస్తుండు, నెలరోజులే ఉంటడు. అప్పుడే మొక్కు చెల్లించాలె. నలుగురం గట్టిగ పట్టుకుంటే గుండు అయితది అని మా ఆడబిడ్డ అంటుంది. నాకేమో రాత్రి నిద్ర పడ్తలేదు."

చెల్లీ, ముందు ఒక్క మాట. ఇది నీ గారాబం వల్ల వచ్చింది కాదు. ఏడాది దాటాక మూడేళ్ళ లోపు పిల్లల్లో పెద్ద చప్పుడంటే భయం చాలామందికి ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియని చప్పుడు, ఎప్పుడు ఆగుతుందో తెలియని చప్పుడు వాళ్ళకు మరీ భయం. పైగా పసిపిల్లల చెవి నాళం చిన్నది, సన్నగా గీపెట్టే శబ్దాలు మనకన్నా వాళ్ళకు గట్టిగా తగులుతాయి. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దాకా ఉంటే, మిక్సీ, హెయిర్ డ్రయ్యర్ లాంటివి 80 నుంచి 90 దాకా పోతాయి. ప్రతి 10 డెసిబెల్స్‌కూ చప్పుడు రెట్టింపైనట్టు మన చెవికి అనిపిస్తుంది. ఇక దాన్ని చెవి పక్కనే పెట్టామంటే, పాప ఉలిక్కిపడక ఏం చేస్తుంది?

"మా పక్కింట్లో సాంచెలు పొద్దంతా ఆడుతున్నా పిల్లలు హాయిగా నిద్రపోతారు కదా, ఇదేం భయం?" అని సిరిసిల్ల వైపు వాళ్ళు అడగవచ్చు. సాంచెల చప్పుడు ఒకే తీరుగా, ఆగకుండా ఉంటుంది కాబట్టి పిల్ల మనసు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అంతమాత్రాన అది చెవులకు మంచిదని కాదు. పనిచేసే చోట 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకు 8 గంటలు ఉంటే వినికిడికి ముప్పని నిపుణులు చెబుతారు, సాంచెల షెడ్డులో మోత అంతకన్నా ఎక్కువే. అయితే బెదరగొట్టేది మాత్రం హఠాత్తుగా వచ్చే చప్పుడే.

మరి డ్రయ్యర్‌కు భయపడిన పాప, ఏ చప్పుడూ చేయని దువ్వెనకు ఎందుకు భయపడుతున్నది? దీనికి వంద ఏళ్ళ కిందటి కథ ఒకటి ఉంది. 1920లో అమెరికాలో వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రేనర్ అనే ఆమె కలిసి పదకొండు నెలల బాబు మీద ఒక ప్రయోగం చేశారు. బాబు తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఇనుపకడ్డీ మీద సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లకే ఆ బాబు ఎలుకను చూస్తేనే ఏడవడం మొదలుపెట్టాడు. తర్వాత కుందేలును చూసినా, బొచ్చు కోటును చూసినా ఏడ్చాడు. ఇప్పుడైతే అలాంటి పనికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ మీ ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. చప్పుడు వచ్చింది డ్రయ్యర్‌లో నుంచి. పాప మనసులో అది తలస్నానానికి, తువ్వాలుకు, దువ్వెనకు, చివరికి తల మీద పడే చేతికి కూడా అంటుకున్నది. మొండితనం కాదిది.

ఈ కథకు రెండో సగం ఉంది, మనకు పనికొచ్చేది అదే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె న్యూయార్క్‌లో చూసిన ఒక పిల్లవాడి గురించి రాసింది. వాడికి రెండేళ్ళ పది నెలలు. కుందేలంటే ప్రాణం పోయేంత భయం. ఆమె ఏం చేసిందంటే, వాడిని కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెడుతూ, గదిలో దూరంగా కుందేలును పంజరంలో పెట్టించింది. వాడు తినడం ఆపనంత దూరంలో మాత్రమే. రోజులు గడిచినకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. భయం లేని వేరే పిల్లలు కుందేలుతో ఆడుకోవడం కూడా వాడికి చూపించింది. చివరికి వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరాడు. మధ్యలో వాడికి జబ్బు చేసి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది, ఒక పెద్ద కుక్క మీదికి రావడంతో భయం మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమె విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టింది. ఇంకో జాగ్రత్త కూడా చెప్పింది. తొందరపడి మరీ దగ్గరికి తెచ్చామంటే కుందేలు మీద ఇష్టం పుట్టడం పోయి తిండి మీదే భయం పుట్టవచ్చునట!

ఇప్పుడు మన వంటింటికి వద్దాం.

ముందుగా ఆ హెయిర్ డ్రయ్యర్‌ను బీరువాలో పెట్టి తాళం వేయి. రెండేళ్ళ పిల్లకు దాంతో పనే లేదు. పసిపిల్లల తల చర్మం పలచగా ఉంటుంది, వేడిగాలి దగ్గర నుంచి తగిలితే కాలుతుంది. మెత్తటి నూలు తువ్వాలుతో అద్ది, అయిదు నిమిషాలు ఇంకో పొడి తువ్వాలు చుడితే చాలు. వానకాలమైతే మధ్యాహ్నం పోయండి, వెచ్చగా ఉన్న వేళ. తడి తలతో పడిశం పట్టదు, పడిశం పట్టించేవి క్రిములు. సాంబ్రాణి పొగ అలవాటున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాసన నాకూ ఇష్టమే, కానీ పొగ ఏదైనా పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు. అత్తమ్మకు ఇది నెమ్మదిగా చెప్పాలి. "మీరు తప్పు చేశారు" అన్నట్టు కాక, "డాక్టరమ్మ వద్దంటున్నది" అంటే నొచ్చుకోదు. నేను అట్లానే నెగ్గుకొచ్చాను.

మిక్సీని, కుక్కర్‌ను బీరువాలో పెట్టలేం కదా. వాటికి జోన్స్ గారి పద్ధతి. రోజుకు అయిదు నిమిషాలు చాలు. మొదటి రెండు మూడు రోజులు మిక్సీ ప్లగ్గు తీసేసి, బ్లేడు ఉన్న జార్ పక్కన పెట్టి, ఉత్త మూత, ఖాళీ గిన్నె పాప చేతికివ్వు. ఆడుకోనీ. నోటితో "బుర్ర్ర్" అని నువ్వు చప్పుడు చెయ్యి, పాపతో చేయించు. తర్వాత పాపను వాకిట్లో ఎవరి ఒళ్ళోనైనా కూర్చోబెట్టి పెరుగన్నమో, పాలల్లో నానిన బెల్లం అటుకులో పెడుతుండగా, లోపల తలుపు వేసి మిక్సీ రెండు క్షణాలు వేసి ఆపు. తినడం ఆపలేదా? మర్నాడు తలుపు తెరిచి వెయ్యి. ఆపిందా? మళ్ళీ దూరం జరుగు, అంతే. పల్లీలు, మక్క ప్యాలాలు మాత్రం ఈ పనికి వాడవద్దు. ఏడుస్తూ పీల్చుకుంటే గొంతులో అడ్డుపడతాయి.

చెప్పకుండా ఎప్పుడూ మిక్సీ వేయవద్దు. "ఇగో, ఒకటి, రెండు, మూడు... బుర్ర్!" అని చెప్పి వెయ్యి. కొన్నాళ్ళకు "మూడు" అనే మాట పాపతోనే అనిపించు. చప్పుడు తను చెప్పినప్పుడు వచ్చి, తను "చాలు" అంటే ఆగిపోతుందని తెలిసిన రోజు సగం భయం దిగుతుంది. మిక్సీ కింద మందపాటి తువ్వాలు మడిచి వేస్తే బండ అదిరే మోత తగ్గుతుంది, గాలి పోయే రంధ్రాలు మూయకుండా చూసుకోవాలి. కుక్కర్ కూతలను పాపతో లెక్కపెట్టించవచ్చు. "రైలొచ్చింది" అనే ఆట చాలా ఇళ్ళల్లో పనిచేసింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా చిన్నవాడు అన్నం తినకుండా సతాయిస్తే "తింటావా, మిక్సీ వేయాల్నా?" అని బెదిరించేదాన్ని. గబగబా తినేవాడు. నాకేమో తెలివైన ఉపాయం దొరికిందని సంబరం. ఏడాది తర్వాత వాడు క్షౌరం కుర్చీలో ట్రిమ్మర్ చప్పుడుకు పెట్టిన కేకలు విన్నాక, ఆ కేకలకు నారు పోసింది నేనేనని తెలిసింది. ట్రిమ్మర్ చెవి వెనక తలకు ఆనినప్పుడు ఆ అదురు పుర్రె ఎముక గుండా నేరుగా లోపలి చెవికి పోతుంది. పక్కన నిలబడ్డ మనకు చిన్నగా వినిపించేది వాడికి తల లోపలే మోగుతుంది. మగపిల్లలున్న తల్లులు ఇది గుర్తుపెట్టుకోండి. "మగపిల్లోడివి, ఏడుస్తావా" అనే ముందు ఒకసారి ఆ మిషన్ మీ చెవి వెనక ఆనించుకుని చూడండి. వాళ్ళు మూడేళ్ళు దాటేదాకా కత్తెరతో పని కానివ్వడం నయం. నిద్రపోతున్నప్పుడు మిషన్ పెట్టేవాళ్ళున్నారు. అది నాకు నచ్చదు. మధ్యలో మెలకువ వస్తే వాడికి ఇక నిద్రన్నా భయమే.

ఇక తల సంగతి. చెల్లీ, నెలరోజుల్లో ఎట్లాగూ గుండు చేయించేవే కదా, ఆ చిక్కులతో ఇప్పుడు యుద్ధం ఎందుకు? వదిలెయ్యి. దువ్వెనను వారం రోజులు పాప కంటికి కనబడనీయకు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె వేళ్ళకు రాసుకుని, కథ చెబుతూ, మొదట పాప చేతులకు, తర్వాత మెడకు, తర్వాత తలకు. ఆపమంటే ఆపు. ఆపుతావని నమ్మకం కుదిరితేనే మళ్ళీ చేయనిస్తుంది. రెండోవారంలో దువ్వెన పాప చేతికిచ్చి బొమ్మ తల దువ్వమను, తాత మీసం దువ్వమను. ఆ తర్వాత నీ వంతు. వెడల్పు పళ్ళ దువ్వెన, కుదుళ్ళ దగ్గర ఒక చేత్తో వెంట్రుకలు పట్టుకుని, కొసల నుంచి పైకి. పై నుంచి లాగితే ఎవరికైనా ప్రాణం పోతుంది.

తలకు పోసేటప్పుడు ఇంట్లో వేరే మోత ఏదీ ఉండకుండా చూసుకోవాలి. మోటారు ముందే వేసి తొట్టి నింపుకో. మసాలా నూరడం అయ్యాకే స్నానం. పలకలు వేసిన స్నానాలగదిలో చెంబు కింద పడ్డా గుడిగంటలా మోగుతుంది, కాబట్టి ప్లాస్టిక్ మగ్గు మేలు. ఎండకాలమైతే వాకిట్లో టబ్బులో పోసినా తప్పులేదు. కుంకుడు రసం కళ్ళల్లో పడితే ఆ మంట పెద్దవాళ్ళమే తట్టుకోలేం, పసిపిల్లలకు వద్దు. కొద్దిగా పిల్లల షాంపూ చాలు, వారానికి రెండుసార్లు మించనక్కర్లేదు. నీళ్ళ వేడి మోచేతితో చూసి, తల వెనక్కి వాల్చి, నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి పోయాలి. ఒక చిన్న గ్లాసు పాపకిచ్చి తనే పోసుకోమను. బకెట్లో హీటర్ రాడ్ ఉన్న గదిలోకి పాపను అడుగు పెట్టనీయవద్దు. రాడ్ తీసి, స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీశాకనే లోపలికి.

చెవుల్లో దూది కుక్కితే చప్పుడు వినబడదు కదా అని కొందరంటారు. దూది పెద్దగా ఆపేది లేదు, పిల్లలు దాన్ని లోపలికి నెట్టుకుంటారు, లేదా నోట్లో పెట్టుకుంటారు. చెవిలో వెచ్చటి నూనె పోయడం కూడా వద్దు. చెవి నొప్పి ఉన్నా, చీము కారుతున్నా, పాప ఒకే చెవిని గుంజుకుంటున్నా పిల్లల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించాలి. నొప్పి ఉన్న చెవికి చిన్న చప్పుడూ పెద్దదే అవుతుంది. ఇంకొక సంగతి జాగ్రత్తగా గమనించు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నదా? కావలసినదాన్ని వేలుతో చూపిస్తున్నదా? రెండు మాటలు కలిపి మాట్లాడుతున్నదా? మనతో ఆడుకుంటున్నదా? ఇవన్నీ ఉంటే చప్పుడు భయం దానంతట అదే తగ్గేదే. లేకపోతే, లేదా భయంతో తిండి నిద్ర కూడా పాడైతే, "పెద్దయితే అదే పోతది" అని కూర్చోవద్దు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. ఈ సంగతులు వాళ్ళతో చెబితే పైన ఎక్కడ చూపించాలో రాసిస్తారు. దిష్టి తీయించుకో, తాయెత్తు కట్టించుకో, నేను అడ్డం చెప్పను. మెడకు గట్టి దారం మాత్రం వద్దు, నిద్రలో బిగుసుకుంటుంది.

ఇప్పుడు అసలు గండం, మొక్కు. గుడి దగ్గర తలనీలాలు తీసేది కత్తితో కాబట్టి మిషన్ మోత ఉండదు. అది మనకు కలిసొచ్చే విషయం. మోతంతా చుట్టుపక్కలదే. మైకులు, గంటలు, పక్కన ఏడ్చే పిల్లలు. కాబట్టి రోజు చూసుకుని పోవాలి. సోమవారం రాజన్నకు జనం పోటెత్తుతారు. శివరాత్రి సంగతి సరేసరి. రెండేళ్ళకోసారి సమ్మక్క జాతరకు పోయేవాళ్ళు ముందుగా వేములవాడకే వస్తారు, ఆ వారాల్లో అసలు వద్దు. మామూలు రోజు చూసి తెల్లవారకముందే బయలుదేరండి. పాప నిద్ర చెడకుండా, కడుపు నిండా తిన్నాక కూర్చోబెట్టాలి.

ఇంట్లో ముందే ఆట ఆడించు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి కదా, ఆ మేనమామను ఈ నెలలో నాలుగైదుసార్లు ఇంటికి పిలిపించు. ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, తల తడిపి, చెంచా వెనక వైపుతో తల మీద మెల్లగా గీస్తూ "గర్... గర్..." అని గుండు ఆట. బొమ్మకు గుండు, తాతకు గుండు. తాతగారు గడ్డం గీసుకునేటప్పుడు దూరం నుంచి చూపించు.

పాప నాయిన సంగతి ఒకటి చెప్పాలి, నొచ్చుకోవద్దు. రెండేళ్ళ పిల్లకు, సెలవు మీద వచ్చిన నాయిన మొదటి వారం కొత్త మనిషే. ఆయనకేమో నెలరోజులే ఉన్నాయన్న ఆరాటం. వచ్చిన మూడోనాడే గుడికి తీసుకుపోయి పాప చేతులు గట్టిగా పట్టుకునేది ఆయనే అయితే, ఆ నెలంతా పాప ఆయన దగ్గరికి రాదు. దుబాయ్ తిరిగి పోయేటప్పుడు ఆ బాధ ఎవరు తీరుస్తారు? కాబట్టి ఇప్పటినుంచే ఫోన్‌లో వీడియో కాల్ చేసినప్పుడు ఆయన తన తల దువ్వుకుంటూ కనిపించాలి, ఇక్కడ పాప బొమ్మ తల దువ్వాలి. డ్రయ్యర్ ఊసు ఎత్తవద్దని ముందే చెప్పు. తను ప్రేమగా తెచ్చిన వస్తువే ఇంత పని చేసిందని ఆయన మనసు కష్టపడవచ్చు, అది నెమ్మదిగా నువ్వే చెప్పాలి. మొక్కు సెలవు చివరి వారంలో పెట్టుకోండి.

ఆ రోజు కొత్త బ్లేడు మీ కళ్ళముందే వేయించండి, మొహమాటపడవద్దు. పాప ఏడుస్తుంది. కాస్త ఏడవడం వేరు, ఊపిరి తిరగకుండా కొట్టుకోవడం వేరు. రెండోది అయితే ఆపమని చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి, అది నువ్వే. పదిహేను నిమిషాలు బయట తిప్పి తీసుకురా. నలుగురు కాళ్ళు చేతులు పట్టుకుంటే గుండు అవుతుందేమో కానీ, గింజుకునే తల మీద కత్తి గాటు పడుతుంది, భయం పదింతలవుతుంది. అప్పటికీ కాకపోతే ఇంటికి తీసుకురండి. అయిదో ఏట ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! ఈ మాట ముందే మీ అత్తమ్మతో, ఆడబిడ్డతో అనుకుని ఉంటే గుడిలో నలుగురి ముందు గొడవ రాదు. ఉత్తరం చూపించి అడుగు, కావాలంటే ఈ పేజీయే చదివి వినిపించు.

గుండు అయ్యాక గంధం రాసి, ఎండకు పలచటి నూలు టోపీ పెట్టండి. అద్దంలో తనను తాను చూసుకుని బెదరవచ్చు, మేనమామ తల నిమురుతూ పక్కనే ఉంటే మంచిది. ఏమైందో నాకు తప్పకుండా రాయి.

చాలామంది చెల్లెళ్ళు అంగన్‌వాడీకి పోయే పిల్లల తలలో పేల గురించి అడుగుతున్నారు. వచ్చేవారం ఆ సంగతే చూద్దాం.